అంకె వేసిన చోటు, విశేషణం వదిలిన చోటు: సెనేటర్ జస్టిన్ మోరిల్ రాసిన చట్టాలు

టెక్సస్ ఏ అండ్ ఎం, పర్డ్యూ, అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్, కొలంబియాలోని మిజోరి, కాన్సస్ స్టేట్, ఆఖరికి ఎమ్ఐటీ కూడా. మన పిల్లలు ఐ-20 (అమెరికా విద్యార్థి వీసాకి కావలసిన ప్రవేశ పత్రం) కోసం ఎదురుచూసే ఈ పేర్లన్నిటి వెనకా ఒకే చట్టం ఉంది. 1862 జులై 2న లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టం అది. లింకన్ ఎవరో అందరికీ తెలుసు. మోరిల్ పేరు మాత్రం ఆ క్యాంపస్‌లలో ఏదో ఒక భవనం గోడ మీద ఉంటుంది, ఆ భవనంలో రెండేళ్లు చదివినవాళ్లు కూడా ఆయనెవరో అడగరు.

తెలిసిన కొద్దిమందీ రెండు రకాలు. ఒకరు ఆయన్ని విద్యా దార్శనికుడంటారు. ఇంకొకరు ఆదివాసుల భూమి పంచిపెట్టి పేరు తెచ్చుకున్నవాడంటారు. రెండింటిలోనూ నిజముంది గానీ, మనిషి మాత్రం రెండింటికీ చిక్కడు. మోరిల్ ప్రాథమికంగా దుకాణదారు. చిట్టా రాసిన చేత్తోనే చట్టాలు రాశాడు. ఆయన చట్టాల్ని సెక్షన్ల వారీగా చదివితే నాకు కనిపించేది ఇది: ఎక్కడ అంకె వేశాడో అక్కడ పని జరిగింది. ఎక్కడ ‘న్యాయమైన’, ‘ప్రధానమైన’ లాంటి విశేషణంతో సరిపెట్టాడో అక్కడ బలం లేనివాడు నష్టపోయాడు. ఇది పూర్తిగా నిలిచే సూత్రమేమీ కాదు, కింద నేనే దీనికి అడ్డు పడే సంగతులు రెండు చెబుతాను.

ముందు మనిషి గురించి క్లుప్తంగా. 1810 ఏప్రిల్ 14న వెర్మాంట్ రాష్ట్రంలోని స్ట్రాఫర్డ్ అనే పల్లెలో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. పదిహేనేళ్లకే చదువు ఆగింది. ఊళ్లో జెడిడయా హారిస్ అంగట్లో గుమాస్తాగా చేరాడు, కొన్నాళ్లు మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ వెళ్లి పని నేర్చుకొచ్చాడు, 1831లో హారిస్‌కే భాగస్వామి అయ్యాడు. 1848లో, ముప్ఫై ఎనిమిదేళ్లకే, వ్యాపారం చాలించుకుని సొంతంగా గీసుకున్న నమూనాతో గులాబీ రంగు గోతిక్ ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1854లో ప్రతినిధుల సభకు నిలబడి 59 ఓట్లతో గట్టెక్కాడు. 1867 దాకా ప్రతినిధుల సభలో, అక్కణ్ణుంచి 1898 డిసెంబర్ 28న కన్నుమూసేదాకా సెనేట్‌లో ఉన్నాడు. మధ్యలో ఖాళీ లేకుండా దాదాపు 44 ఏళ్లు. సెనేట్ ఆర్థిక కమిటీకి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. గొప్ప వక్త అని ఎవరూ అనలేదు.

కాలేజీల బిల్లు మొదటిసారి 1857 డిసెంబర్‌లో పెట్టాడు. ఒక్కో రాష్ట్రానికి కాంగ్రెస్‌లో ఎంతమంది సభ్యులుంటే తలకు 20,000 ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమి ఇవ్వాలి. అది అమ్మగా వచ్చిన డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్యలు నేర్పే కాలేజీ నడవాలి. ప్రతినిధుల సభలో 105–100, సెనేట్‌లో 25–22. రెండు చోట్లా అంచుమీద గట్టెక్కిన బిల్లుని 1859 ఫిబ్రవరి 24న అధ్యక్షుడు బుకానన్ తిప్పికొట్టాడు. ఖజానాకి నష్టమన్నాడు, రాష్ట్రాలు కేంద్రం మీద ఆధారపడటం మరుగుతాయన్నాడు, ఈ పనికి రాజ్యాంగంలో అధికారం లేదన్నాడు. కాలేజీ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే మార్గం కేంద్రానికి లేదు కదా అని కూడా అడిగాడు. వీటో మొత్తాన్నీ వెనకబాటు కింద కొట్టిపారేయడం ఆనవాయితీ అయింది. నా దృష్టిలో ఆ చివరి ప్రశ్న సరైనదే. 1890 దగ్గరికి వచ్చాక అది మళ్లీ ఎదురవుతుంది.

ఆలోచన మోరిల్‌ది కాదని, ఇల్లినాయ్‌లో జోనథన్ బాల్డ్విన్ టర్నర్ అప్పటికే పారిశ్రామిక వర్గాలకు విశ్వవిద్యాలయాలు కావాలని ప్రచారం చేస్తున్నాడని ఒక పాత పంచాయితీ ఉంది. మిషిగన్, పెన్సిల్వేనియాల్లో వ్యవసాయ కళాశాలలు 1855లోనే మంజూరయ్యాయి కూడా. కాబట్టి ఆలోచన పలువురిదే. కానీ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి, ఎలా దాచాలి, ఎవరు దాన్ని ముట్టుకోకూడదు అన్న భాగం మాత్రం అంగడి లెక్కలు తెలిసినవాడు రాసినట్టే ఉంటుంది.

దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో 1861లో వాటి సభ్యులు సభలు వదిలి వెళ్లిపోయారు. ఆ డిసెంబర్‌లో మోరిల్ బిల్లు మళ్లీ తెచ్చాడు. ఈసారి తలకు 30,000 ఎకరాలు, సైనిక శిక్షణ కూడా నేర్పాలన్న మాట, తిరుగుబాటులో ఉన్న రాష్ట్రాలకు ఏమీ లేదన్న షరతు. సెనేట్‌లో ఒహాయో సభ్యుడు బెంజమిన్ వేడ్ నడిపించాడు. 32–7, ఆ తర్వాత ప్రతినిధుల సభలో 90–25. వర్జీనియాలో మాల్వర్న్ హిల్ యుద్ధం ముగిసిన మర్నాడు సంతకం పడింది.

ఇక చట్టం లోపలికి. నాలుగో సెక్షన్: వచ్చిన డబ్బుని అమెరికా ప్రభుత్వ బాండ్లలోనో, రాష్ట్ర బాండ్లలోనో, మరో భద్రమైన పత్రాల్లోనో పెట్టాలి. వాటి ముఖవిలువ మీద ఏడాదికి 5 శాతానికి తగ్గకుండా రాబడి ఉండాలి. అసలు మొత్తం ఎప్పటికీ తగ్గకూడదు. వడ్డీ మాత్రమే కాలేజీకి. ఐదో సెక్షన్: అసలులో ఏ కొంచెం పోయినా, ఎలా పోయినా, రాష్ట్రమే పూడ్చాలి. కాలేజీ స్థలానికో ప్రయోగ క్షేత్రానికో కావాలంటే నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు, అంతే. భవనాలకి మాత్రం ఒక్క డాలరు కూడా, అసలులోంచి గానీ వడ్డీలోంచి గానీ, కట్టడానికీ వీల్లేదు, కొనడానికీ వీల్లేదు, మరమ్మతుకీ వీల్లేదు. ఐదేళ్లలో కనీసం ఒక్క కాలేజీ నిలబడాలి. లేకపోతే అమ్మిన భూమి డబ్బు కేంద్రానికి తిరిగి కట్టాలి. ఏటా నివేదిక రాసి మిగతా కాలేజీలన్నిటికీ ఒక్కో ప్రతి పంపాలి.

భవనాలకి డబ్బు లేదనడం ఎందుకంత ముఖ్యమో ఒక్కసారి ఆలోచించండి. ఏ ప్రభుత్వ పథకంలోనైనా డబ్బు ముందు వెళ్లేది ఇటుకల్లోకి, సున్నంలోకి. శంకుస్థాపన ఫలకం మీద పేరుంటుంది, కాంట్రాక్టు ఉంటుంది. అధ్యాపకుడి జీతానికి ఫలకం ఉండదు. మోరిల్ ఆ దారే మూసేశాడు. భవనం కావాలంటే రాష్ట్రమో, ఊరో, దాతో తేవాలి. అందువల్ల కాలేజీ మాకంటే మాకని ఊళ్లు పోటీ పడి స్థలాలూ విరాళాలూ ఇచ్చాయి. చట్టం ఇచ్చింది జీతాల నిధి, అది ఎప్పటికీ కరగని నిధి. 1883లో నాలుగో సెక్షన్‌ని సవరించి, సొంత బాండ్లు లేని రాష్ట్రాలు వేరే చోట పెట్టుకోవడానికి వీలిచ్చినప్పుడు కూడా 5 శాతాన్నీ, అసలు తగ్గకూడదన్న మాటనీ కదపలేదు.

ఇంత పకడ్బందీగా రాసినవాడు ఒకచోట అంకె మర్చిపోయాడు. అమ్మకం ధర.

అది ఎలా జరిగిందో చెప్పాలంటే స్క్రిప్ సంగతి తెలియాలి. పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమి ఉంది, వాళ్లు తమ సరిహద్దుల్లోనే ఎంచుకోవచ్చు. తూర్పున న్యూయార్క్, పెన్సిల్వేనియా, వెర్మాంట్ లాంటి చోట్ల కేంద్రానికి భూమే లేదు. వాళ్లకి భూమి బదులు కాగితం ఇచ్చారు, దాని పేరే స్క్రిప్. ఒక్కో కాగితం 160 ఎకరాలకి. అయితే ఒక రాష్ట్ర ప్రభుత్వం మరో రాష్ట్రంలో భూస్వామి కావడం బాగుండదని, ఆ కాగితంతో రాష్ట్రం నేరుగా భూమి ఎంచుకోకూడదన్నారు. కాగితం అమ్మాలి. కొన్నవాడు పడమటికి వెళ్లి, భూమి కార్యాలయంలో ఆ కాగితం ఇచ్చి, ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలు రాయించుకోవాలి. గనులున్న భూమి కుదరదు. చట్టం వచ్చిన ఏడాది దాకా కుదరదు. ఇలాంటి కొనుగోలుదారులంతా కలిసి ఏ ఒక్క రాష్ట్రంలోనూ పది లక్షల ఎకరాలు మించకూడదు. ఈ చివరి రెండు షరతులు పడమటి సెనేటర్లు పట్టుబట్టి పెట్టించుకున్నవి, తమ భూమంతా తూర్పు వ్యాపారుల పాలవుతుందని వాళ్ల భయం.

ప్రభుత్వ భూమి కనీస ధర అప్పుడు ఎకరం డాలరు పావలా, అంటే 1.25. కాగితానికీ అంత రావాలి కదా? రాలేదు. కారణాలు చూడండి. అదే ఏడాది మే 20న హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. సాగు చేసుకుంటానన్నవాడికి 160 ఎకరాలు నామమాత్రపు రుసుముకే దొరుకుతాయి. పాత యుద్ధాల సైనికులకిచ్చిన భూమి పత్రాలు అప్పటికే బజార్లో చౌకగా తిరుగుతున్నాయి. రాష్ట్రాలన్నీ ఒకేసారి కాగితాలు బజార్లో పడేశాయి. ఐదేళ్లలో కాలేజీ తెరవాలన్న గడువు నెత్తిన ఉంది, కాబట్టి ఆగి అమ్మే ఓపిక ఎవరికీ లేదు. ఇంతకన్నా తక్కువకి అమ్మకూడదన్న మాట చట్టంలో లేదు. ఇదే నా సూత్రానికి మొదటి అడ్డు: ఇక్కడ నష్టం చేసినవాటిలో ఐదేళ్లనే అంకె కూడా ఉంది. కింద ధర గట్టు కట్టకుండా పైన గడువు పెడితే, గడువు కొనేవాడి పక్షాన పనిచేస్తుంది.

రోడ్ ఐలండ్‌కి ఇద్దరు ప్రతినిధులు, ఇద్దరు సెనేటర్లు, అంటే 1,20,000 ఎకరాలు. కనీస ధర ప్రకారం లక్షా యాభై వేల డాలర్లు. వచ్చింది 50,000. ఎకరానికి 42 సెంట్లు కూడా కాదు. (ఇక్కడ సెంట్లంటే మన భూమి కొలత కాదు, డాలరులో నూరో వంతు.) పెన్సిల్వేనియా 7,80,000 ఎకరాల కాగితాలు సుమారు 4,39,000 డాలర్లకి, ఎకరం 56 సెంట్ల లెక్కన వదిలించుకుంది. మోరిల్ సొంత వెర్మాంట్‌కి దాదాపు 1,50,000 ఎకరాలకి 1,22,600 డాలర్లు వచ్చాయి, ఎకరం 82 సెంట్లు. దాని మీద 5 శాతమంటే ఏడాదికి ఆరు వేల పైచిలుకు. అడ్డికి పావుశేరు బేరం. క్లీవ్‌లండ్‌కి చెందిన గ్లీసన్ లూయిస్ లాంటి దళారులు లక్షల ఎకరాల కాగితాలు గుత్తగా కొన్నారు. అదే కాలిఫోర్నియా తన హద్దుల్లోనే 1,50,000 ఎకరాలు ఎంచుకుని, తొందరపడకుండా ఎకరం దాదాపు ఐదు డాలర్లకి అమ్మింది. ఒకే చట్టం, ఒకే ఎకరం, పదింతల తేడా.

ఈ చట్టాన్ని అందరికన్నా బాగా చదివినవాడు ఎజ్రా కార్నెల్. తంతి కంపెనీ వాటాలతో ధనికుడైన మనిషి, న్యూయార్క్ రాష్ట్ర సెనేటర్. ఆ రాష్ట్రం వాటా 9,89,920 ఎకరాలు, దేశంలోనే పెద్దది. అందులో సుమారు 76,000 ఎకరాల కాగితాల్ని రాష్ట్రం మొదట్లోనే 85 సెంట్ల చొప్పున అమ్మేసింది. ధర పడిపోతుంటే కార్నెల్‌కి ఒక కిటుకు తట్టింది. రాష్ట్రం భూమి ఎంచుకోకూడదని ఉంది గానీ, కాగితం కొన్న వ్యక్తి ఎంచుకోకూడదని లేదు. కాబట్టి మిగిలిన కాగితాలు బజారు ధరకి తానే కొంటాడు. కొన్న ధర రాష్ట్రం దగ్గర మోరిల్ నిధిగా ఉంటుంది. తాను విస్కాన్సిన్‌లో పైన్ కలప అడవులు ఎంచుకుని, పన్నులు కట్టుకుంటూ, ధర వచ్చేదాకా ఆగుతాడు. లాభమంతా ఇథకాలో కొత్తగా పెట్టే విశ్వవిద్యాలయానికి. అలా దాదాపు ఐదు లక్షల ఎకరాల కలప భూమి చేతికొచ్చింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నాకు చాలా నచ్చేది. కొన్న ధర మీద మోరిల్ షరతులన్నీ ఉంటాయి. లాభం మీద ఉండవు, అది కార్నెల్ ఇచ్చిన దానం లెక్క. దానితో భవనాలు కట్టుకోవచ్చు. అయితే లాభం వెంటనే రాలేదు. పన్నులూ ఏజెంట్ల ఖర్చులూ విశ్వవిద్యాలయాన్ని దివాలా అంచుకి తెచ్చాయి, ఎజ్రా కార్నెల్ 1874లో అప్పటికింకా చాలా భూమి అమ్ముడుపోకుండానే చనిపోయాడు. ట్రస్టీల్లో హెన్రీ సేజ్ కలప వ్యాపారి కావడంతో పట్టు వదల్లేదు. 1880లలో కలప ధర పెరిగింది, చివరికి నికరంగా 50 లక్షల డాలర్లకి పైగా మిగిలింది.

ఆ సంపదే ఒకసారి మెడకి చుట్టుకుంది. కార్నెల్ విశ్వవిద్యాలయం చార్టర్‌లో, అంటే స్థాపన పత్రంలో, ఆస్తి 30 లక్షల డాలర్లు మించకూడదని ఒక వాక్యం ఉంది. 1881లో చనిపోయిన జెన్నీ మెక్‌గ్రా ఫిస్క్ గ్రంథాలయానికని పెద్ద ఆస్తి రాసిపోయింది. విస్కాన్సిన్ భూముల విలువ కలిపితే అప్పటికే పరిమితి దాటిందని భర్తా బంధువులూ కోర్టుకెళ్లారు. 1890లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షమే తేల్చింది. పరిమితిని ఈలోగా ఎత్తేసినా, ఆవిడ చనిపోయిన నాటికి అది ఉంది కనక లాభం లేకపోయింది. అంకె ఎవరికీ చుట్టం కాదు.

ఇప్పుడు భూమి ఎవరిదన్న ప్రశ్న. చట్టం మొత్తంలో ఆ ప్రశ్నే లేదు. ‘పబ్లిక్ లాండ్స్’ అనే రెండు మాటలున్నాయి, అంతే. 2020లో వెలువడిన ఒక పరిశోధన, ఒక్కో కాగితాన్నీ వెతికి, ఈ చట్టం కింద పోయిన దాదాపు 1 కోటి 7 లక్షల ఎకరాల్ని దాదాపు 250 ఆదివాసీ తెగల భూములుగా గుర్తించింది. కార్నెల్ అమ్ముకున్న కలప ఒజిబ్వేల అడవిలోది. 1837, 1842 ఒప్పందాలతో వాళ్ల నుంచి తీసుకున్నది. కాలిఫోర్నియాలో ఆపాటి కాగితం కూడా లేదు. 1851–52లో అక్కడి తెగలతో రాసుకున్న 18 ఒప్పందాల్ని సెనేట్ ఆమోదించనే లేదు. భూమి మాత్రం ప్రభుత్వానిదైపోయింది, అందులోంచి లక్షన్నర ఎకరాలు విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. మోరిల్ కాలం మనిషి అని సమర్థించేవాళ్లకి నాదొక మాట. కాలానికి తగ్గట్టు ఆలోచించినా, అసలులో పైసా పోకుండా మూడు వాక్యాలు రాసిన మనిషి, ఆ అసలు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక్క వాక్యం రాయకపోవడం చూపు లేక కాదు. ఆ ఖాతాదారు ఆయన చిట్టాలో లేడు, అంతే. 1994లో గిరిజన కళాశాలలకి ఇదే హోదా ఇస్తూ భూమి బదులు 2 కోట్ల 30 లక్షల డాలర్ల నిధి రాశారు. 132 ఏళ్ల తర్వాత.

విశేషణాల జోలికి వద్దాం. చట్టం ప్రకారం కాలేజీ ‘ప్రధాన లక్ష్యం’ వ్యవసాయానికీ యంత్రవిద్యలకీ సంబంధించిన శాస్త్రాలు నేర్పడం, ఇతర శాస్త్రాల్నీ ప్రాచీన భాషల్నీ ‘మినహాయించకుండా’. ప్రధానమంటే ఎంత? సగమా, ముప్పాతికా? రాయలేదు. దాంతో కనెక్టికట్ డబ్బు యేల్‌కి, రోడ్ ఐలండ్‌ది బ్రౌన్‌కి, న్యూ హాంప్‌షైర్‌ది డార్ట్‌మత్‌కి వెళ్లింది. రైతులు ఏళ్ల తరబడి గొడవపెట్టారు, మా పేరు చెప్పి మీరు లాటిన్ చెబుతున్నారని. 1890లలో మూడు చోట్లా నిధిని వేరే వ్యవసాయ కళాశాలలకి మార్చాల్సి వచ్చింది. యేల్ కోర్టుకెక్కి పరిహారం కూడా రాబట్టుకుంది. మసాచుసెట్స్ మాత్రం ముందే భిన్నం రాసుకుంది: పదింట మూడు వంతులు ఎమ్ఐటీకి, మిగతాది ఆమ్హర్స్ట్‌లోని వ్యవసాయ కళాశాలకి. అక్కడ ఆ గొడవ రాలేదు.

ఇదే అలవాటు ఆయన సుంకాల చట్టంలోనూ చూడొచ్చు. 1861 మార్చి 2న సంతకమైన మోరిల్ టారిఫ్ అసలు మార్పు రేటు పెంచడం కన్నా రేటు కట్టే తీరులో ఉంది. అంతకుముందు సుంకం సరుకు విలువలో ఇంత శాతమని ఉండేది. విలువ ఎవరు చెప్పాలి? దిగుమతి చేసుకునేవాడి బిల్లే చెప్పాలి. బిల్లు తక్కువ రాస్తే సుంకం తగ్గుతుంది. ధరలు పడ్డప్పుడు దేశీ కొలిమికి రక్షణ కావాలి, సరిగ్గా అప్పుడే సుంకమూ పడిపోతుంది. మోరిల్ చాలా సరుకులకి బరువు మీద సుంకం పెట్టాడు. 1857 చట్టంలో 24 శాతమున్న దుక్క ఇనుము మీద టన్నుకి 6 డాలర్లని రాశాడు. త్రాసు అబద్ధం చెప్పదు, బిల్లు చెబుతుంది. అంగట్లో పదిహేడేళ్లు యజమానిగా కూర్చున్నవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ సుంకం వల్లే అంతర్యుద్ధం వచ్చిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తేదీలు చూసుకుంటే చాలు: సౌత్ కరోలినా విడిపోయింది 1860 డిసెంబర్ 20న. బిల్లు సెనేట్‌లో నెగ్గింది 1861 ఫిబ్రవరిలో, దక్షిణాది సెనేటర్ల కుర్చీలు ఖాళీ అయ్యాకే.

రెండో అడ్డు ఇప్పుడు చెబుతాను. 1862 జులై 8న, కాలేజీల చట్టం వచ్చిన ఆరు రోజులకే, మోరిల్ పేరుతో ఇంకో చట్టం వచ్చింది. యూటాలో మోర్మన్లనే మతశాఖవాళ్ల బహుభార్యాత్వాన్ని నిషేధించే చట్టం. అంకెలకి లోటేమీ లేదు. 500 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు, మత సంస్థ స్థిరాస్తి 50,000 డాలర్లు మించకూడదు. అయినా దాదాపు ఏమీ జరగలేదు. నేరం రుజువు చేయాలంటే పెళ్లి జరిగిందని సాక్ష్యం కావాలి, ఆ సాక్ష్యం చర్చి చేతిలో ఉంది, జ్యూరీలో కూర్చునేదీ ఆ మతస్థులే. యుద్ధం మధ్యలో లింకన్‌కి అక్కడ ఇంకో తగువు అక్కర్లేదు. 1879లో రెనాల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పాక, 1880లలో కొత్త చట్టాలు వచ్చాక గానీ అది కదల్లేదు. కాబట్టి అంకె ఒక్కటే చాలదు, ఆ అంకెని లెక్కపెట్టి అడిగే మనిషి కూడా కావాలి. కాలేజీల చట్టంలో ఆ మనిషి ఉన్నాడు: డబ్బు తీసుకుంటున్న రాష్ట్రమే పూచీ.

మొదటి కాలేజీలు తెరిచాక బయటపడ్డ ఇబ్బంది వేరు. వ్యవసాయ శాస్త్రమని చెప్పడానికి శాస్త్రమే లేదు. ప్రొఫెసర్ పొలం గురించి చెప్పేది రైతుకి ముందే తెలుసు. 1887లో హ్యాచ్ చట్టం రాష్ట్రానికి ఏటా 15,000 డాలర్లిచ్చి ప్రయోగ కేంద్రాలు పెట్టించింది. 1914లో స్మిత్-లీవర్ చట్టం ఆ ఫలితాల్ని ఊళ్లలోకి తీసుకెళ్లే విస్తరణ సేవ తెచ్చింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ నమూనాయే ఇండియాకి వచ్చింది: 1960లో ఇల్లినాయ్ సాయంతో పంత్‌నగర్, 1964లో కాన్సస్ స్టేట్ సాయంతో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. కాన్సస్ స్టేట్ 1863లో మోరిల్ చట్టం కిందే పుట్టింది. మనం తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఆ విశ్వవిద్యాలయం పరిధిలోని బాపట్లలో తయారైన వంగడం. ఇక్కడ నిధి మాత్రం అలా రాలేదు. నమూనా తెచ్చుకున్నాం గానీ కరగని అసలు తెచ్చుకోలేదు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏటా బడ్జెట్ కోసం చెయ్యి చాస్తూనే ఉన్నాయి.

1890 ఆగస్టు 30న రెండో మోరిల్ చట్టం. ఆయనకి ఎనభై ఏళ్లు, 1872 నుంచీ ఏదో ఒక రూపంలో బిల్లు పెడుతూనే ఉన్నాడు. ఈసారి భూమి కాదు, నగదు: ప్రతి రాష్ట్రానికీ ఏటా 15,000 డాలర్లతో మొదలై ఏడాదికి వెయ్యి చొప్పున పెరిగి 25,000 దగ్గర స్థిరపడుతుంది. లాటిన్ గొడవ మళ్లీ రాకుండా ఏయే విషయాలకి ఖర్చుపెట్టాలో పేర్లు రాశాడు: వ్యవసాయం, యంత్రవిద్యలు, ఇంగ్లిష్, గణితం, భౌతిక, ప్రకృతి, ఆర్థిక శాస్త్రాలు. అంటే మొదటి చట్టంలో ఎక్కడ జారాడో ఆయనకి తెలుసు.

కానీ అదే చట్టంలో మరోచోట అంతకన్నా ఘోరంగా జారాడు. జాతి, రంగు చూసి చేర్చుకునే కాలేజీకి డబ్బు రాదన్నాడు. వెంటనే, నల్లవాళ్లకి వేరే కాలేజీ పెట్టి నిధిని ‘న్యాయంగా, సమంజసంగా’ పంచితే సరిపోతుందన్నాడు. దక్షిణాది ఓట్లు లేకుండా బిల్లు నెగ్గదు, అందుకని ఆ మాట. ఎవరు పంచాలి? రాష్ట్ర శాసనసభ. ఎంతకి? రాయలేదు. విద్యార్థుల సంఖ్య ప్రకారమా, జనాభా ప్రకారమా? రాయలేదు. మొదటి చట్టంలో 5 శాతం, 10 శాతం, 5 ఏళ్లు అని రాసిన చెయ్యి ఇక్కడ రెండు విశేషణాల దగ్గర ఆగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. కేంద్రం డబ్బు పంచడంలో ఏదో లెక్క చూపించిన రాష్ట్రాలు, తమ సొంత డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు తెల్లవాళ్ల కాలేజీకి దోసిళ్లతో, నల్లవాళ్ల కాలేజీకి చిటికెడుతో ఇచ్చాయి. ఆ చట్టం కింది కాలేజీలు ఇప్పుడు 19: ఆల్కార్న్, ఫ్లోరిడా ఏ అండ్ ఎం, నార్త్ కరోలినా ఏ అండ్ టీ, టెనెసీ స్టేట్ మొదలైనవి. 2023 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యా, వ్యవసాయ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. అదే రాష్ట్రంలోని 1862 నాటి కాలేజీకి తలసరి ఎంత ఇచ్చారో దీనికీ అంతే ఇచ్చి ఉంటే, 1987 నుంచి 2020 దాకా ఈ కాలేజీలకి 1,200 కోట్ల డాలర్లకి పైగా ఎక్కువ వచ్చేదని లెక్క. టెనెసీ స్టేట్ ఒక్కదానికే దాదాపు 210 కోట్లు. ‘న్యాయంగా’ అన్న మాటకి ఎదురుగా అంకె వేయడానికి 133 ఏళ్లు పట్టింది, వేసింది కూడా చట్టంలో కాదు, ఉత్తరంలో. బుకానన్ అడిగిన ప్రశ్న ఇదే: సరిగ్గా నడుస్తోందో లేదో ఎవరు చూస్తారు?

చివరగా ఒక చిన్న సంగతి. ప్రతినిధుల సభ కొత్త గదికి మారాక పాత గది ఖాళీగా పడి ఉంటే, దాన్ని జాతీయ విగ్రహశాల చేయాలని సూచించింది మోరిలే. 1864 జులై 2న, కాలేజీల చట్టానికి సరిగ్గా రెండేళ్లకి, అది చట్టమైంది. ఒక్కో రాష్ట్రం తన ప్రముఖుల విగ్రహాలు పంపుకోవచ్చు, రెండు మించకూడదు. ‘తగినన్ని’ అని రాసి ఉంటే ఈపాటికి కాపిటల్ భవనంలో నడిచే దారి ఉండేది కాదు. 2005లో న్యూ మెక్సికో తన రెండోది పంపడంతో లెక్క సరిగ్గా వందకి చేరింది. వెర్మాంట్ తరఫున అక్కడున్నది ఈథన్ ఆలెన్, జేకబ్ కొలమర్. ఆ రెండో విగ్రహం 1881లో పెట్టారు. అప్పటికి మోరిల్ ఇంకా సెనేట్‌లోనే కూర్చుని ఉన్నాడు.